ఖాళీ లేని పదకొండు ముడులు

మా అత్తయ్య ఎవరినీ క్షమించిన మనిషి కాదు. ఆవిడ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ చల్లని తల్లి అన్నారు, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదన్నారు. నేను టీ కప్పులు అందిస్తూ ఊరుకున్నాను. మాట అనకపోవడం నిజమే. మనసులో పెట్టుకునేది. పదహారేళ్ళ కిందట వీధిలో దర్జీ ఆవిడ కుట్టు చూసి "పరవాలేదు" అన్నాడట. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన కొట్టు ముందు అడుగు పెట్టలేదు. మార్కెట్‌కి వెళ్ళాలంటే వీధి చివరిదాకా పోయి చుట్టు తిరిగి వచ్చేది, వానలో అయినా సరే. ఆ సంగతి దర్జీకి తెలియను కూడా తెలియదు కదా అత్తయ్యా అంటే, "నాకు తెలుసుగా" అనేది.

ఆవిడ పని తెరచాపలు కుట్టడం. రేవు వెనక సందులో మేస్త్రీగారి షెడ్డు ఉండేది. కింద చెక్కనేల, ముప్పై ఏళ్ళుగా గుడ్డ ఈడ్చీ ఈడ్చీ అద్దంలా నునుపు తేలింది. దాని మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. తెరచాప గుడ్డ చుట్టూ గుట్టలా పోసి ఉంటే మధ్యలో ఆవిడ తల ఒక్కటే కనిపించేది. మూడు పలకల సూది, మైనం పట్టించిన దారం, సూది గుచ్చుకోకుండా అరచేతికి తోలుముక్క. ఇంటికొచ్చినా ఆవిడ దగ్గర ఉప్పూ మైనమూ కలిసిన వాసన వచ్చేది. నా పెళ్ళైన కొత్తలో ఆ వాసనకి తల తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆవిడ సూదుల డబ్బా మూత తీసి పెట్టుకుంటున్నాను.

అంతకుముందు తొమ్మిదేళ్ళు ఆవిడ పడవ మీదే కాపురం చేసింది. మామయ్యకి చిన్న తెరచాప పడవ ఉండేది. ఈ తీరం సరుకు ఆ తీరానికి, ఆ తీరం సరుకు ఈ తీరానికి. మా ఆయన నడక నేర్చింది ఆ పడవ మీదే. నేల మీదకి దిగితే పడిపోయేవాడట, నేల ఊగడం లేదని.

నేను చెప్పబోయే సంగతికి ఒక తాడు అర్థం కావాలి. చిన్న పడవ మీద ఇద్దరే ఉంటే చుక్కాని దగ్గర నాలుగేసి గంటలు వంతు వేసుకుంటారు. ఒకరు పట్టుకుంటే ఒకరు పడుకుంటారు. ఎవరు ఎన్ని వంతులు చేశారో రాసుకోవడానికి మామయ్యకి చదువు రాదు, అత్తయ్యకీ రాదు. అందుకని ఎవరి తాడు వాళ్ళకి. తన వంతు ఎక్కేముందు ఒక ముడి వెయ్యాలి. అవతలివాళ్ళ వంతు నడిస్తే బెత్తెడు ఖాళీ వదలాలి. ముడి, ఖాళీ, ముడి, ఖాళీ. ఇద్దరి తాళ్ళూ పక్కపక్కన పెడితే ఒకరి ముడి దగ్గర ఒకరి ఖాళీ ఉండాలి. తొమ్మిదేళ్ళలో మొగుడూ పెళ్ళాల తగువులన్నీ ఆ తాళ్ళ మీదే తేలిపోయేవని అత్తయ్య చెప్పేది. మా ఆయన చదువుకున్నాడు గానీ, పడవెక్కితే మాత్రం ఆ అలవాటు వదల్లేదు. మంచం పైన మేకుకి తాడు వేలాడాల్సిందే.

పెళ్ళైన ఏడో ఏట మా ఆయన వేరే రేవు నుంచి బయలుదేరే పడవలో పనికి కుదిరాడు. ఎవరిదో ధనవంతుడి పడవ. ఏడాదికోసారి సముద్రం అవతలికి తీసుకెళ్ళి, కొన్నాళ్ళాగి ఇవతలికి తేవాలి. కెప్టెన్ ఒకడు, తోడు ఒకడు. ఇరవై, ఇరవై రెండు రోజుల ప్రయాణం. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు కెప్టెన్ ఒక్కడే వచ్చాడు.

వచ్చినవాడు మా ఇంటికి రాలేదు. ఒక లారీ డ్రైవరు చేత సంచి పంపాడు. రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే డబ్బా, పిడి విరిగిన టీ కప్పు, ఒక జత బూట్లు. బూట్లు రెండూ విడిపోకుండా ఒక తాడుతో కట్టాడు. రెండు రోజుల తర్వాత రేవు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పడవ పుస్తకంలో కెప్టెన్ రాసిన మాటలు అందులో దించారు. నేను కూడబలుక్కుని చదివాను. "చుక్కాని దగ్గర నిద్రపోయాడు. నడుముపట్టీ కొక్కెం తగిలించుకోక సముద్రంలో పడిపోయాడు. తన నిర్లక్ష్యమే కారణం." అంతే, మూడు ముక్కలు.

వీధిలో మూడు ముక్కలు ముప్పై అయ్యాయి. తాగి పడుకున్నాడట అన్నారు. పాపం ఆ కెప్టెన్ ఒక్కడే పడవ తెచ్చుకున్నాడట, ఎంత కష్టమో అన్నారు. పోయినవాడి మీద జాలి పడాల్సినవాళ్ళు చంపినవాడి మీద జాలి పడ్డారు. చంపినవాడని అప్పటికి నాకూ తెలియదు.

అత్తయ్య ఏడవలేదు. బూట్లు ఒళ్ళో పెట్టుకుని వాటికి కట్టిన తాడు విప్పింది. సగం విప్పి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని బొటనవేలితో ఆ తాడుని ఒక కొస నుంచి తడుముకుంటూ వెళ్ళింది. ముడి, ఖాళీ, ముడి, ఖాళీ. చివరికొచ్చేసరికి వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది. మూడుసార్లు. ఆ తర్వాత తాడు నా చేతికిచ్చింది.

"చివర్లో చూడు. ఖాళీ ఉందా?"

లేదు. ఒకదాని పక్కన ఒకటి, గవ్వలు పేర్చినట్టు పదకొండు ముడులు.

"పదకొండు వంతులు. నలభై నాలుగు గంటలు," అంది అత్తయ్య. "నా కొడుకుని నలభై నాలుగు గంటలు పడుకోనివ్వలేదు వాడు. పడుకోనివ్వకుండా, నిద్రపోయాడని రాశాడు."

వాడికి అది మామూలు తాడు. బూట్లు కట్టడానికి పనికొస్తుందని కట్టాడు. అది చదివేవాళ్ళు ఒక ఇంట్లో ఉంటారని వాడి ఊహకి కూడా తట్టి ఉండదు. ఇద్దరం తాడు పట్టుకుని రేవు ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. తాడు సాక్ష్యం కాదమ్మా, పుస్తకంలో ఉన్నదే లెక్క అన్నాడు. బయటికొచ్చాక అత్తయ్య ఒకటే మాట అంది, "అయితే పుస్తకంలోనే రాయిద్దాం."

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ షెడ్డుకి వెళ్ళింది, కుట్టింది, అన్నం తింది, పడుకుంది. పగ పెట్టుకున్నవాళ్ళు నిప్పులు కక్కుతారంటారు. మా అత్తయ్య పగ కుంపటి మీద బూడిద కప్పినట్టుండేది. ఒకరోజు మేస్త్రీగారు ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడే చెప్పాడు. ఆ పడవ మళ్ళీ అవతలికి వెళ్తోంది, అదే కెప్టెన్. తెరచాపలు పాతవైపోయాయి, దారిలో కుట్టుకుంటూ వెళ్ళాలి, చుక్కాని కూడా పట్టగలిగిన మనిషి కావాలి. వంటకి ఇంకొకరు. ఆ రేవులో వాడితో ఎవరూ రావడం లేదు. చెప్పాలనిపించి చెప్పాను, ఆ పైన మీ ఇష్టం అన్నాడు. కెప్టెన్‌కి మా మొహాలు తెలియవు. సంచి లారీలో పంపినందుకు వాడికి దక్కిన ఫలం అది.

నేనూ వస్తానంటే అత్తయ్య ఎగాదిగా చూసింది. "బకెట్లో నీళ్ళు ఊగితేనే నీకు వాంతి."

"ఆ బకెట్ పట్టుకునే వస్తాను," అన్నాను. పెళ్ళైనప్పటి నుంచీ నేను ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు.

పడవ పొడుగు పదకొండు అడుగులు వేస్తే అయిపోతుంది. వెడల్పు మూడడుగులు. మనిషి అడుగులే చెబుతున్నాను. మెట్లు దిగితే లోపల గది. ఎడమ పక్క స్టవ్వు, పడవ ఎటు ఒరిగితే దానికి ఎదురు ఊగుతూ గిన్నె తొణక్కుండా చూస్తుంది. కుడి పక్క బల్ల, గిన్నెలు జారిపోకుండా చుట్టూ అంచు. అటొక మంచం, ఇటొక మంచం, ముందువైపు ఇరుకులో ఇంకొకటి. పడుకున్నవాళ్ళు దొర్లిపోకుండా మంచానికి పక్కన పలక అడ్డం పెట్టుకోవాలి. కుడి పక్క మంచం నాకిచ్చాడు కెప్టెన్. పడుకుని పైకి చూస్తే ఒక మేకు. మేకు కింద చెక్క మీద తాడు రాసుకుని రాసుకుని తెల్లగా ఒక గీత పడింది. ఆ మంచం ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

కెప్టెన్‌కి యాభై ఏళ్ళుంటాయి. ఎడమ చేతికి రెండు గడియారాలు పెట్టుకునేవాడు. ఒకటి బయలుదేరిన రేవు టైము, ఒకటి చేరబోయే రేవు టైము. మధ్యలో ఉన్న సముద్రానికి టైము లేనట్టు. అత్తయ్య వాడికి రెండు గడియారాలు అనే పేరు పెట్టింది. మాట మెత్తన. ఆవిణ్ణి పెద్దమ్మగారూ అనేవాడు, నన్ను చెల్లెమ్మా అనేవాడు. నేను వండిన పులుసు మెచ్చుకున్న రోజున నాకు రెండు పూటలు అన్నం సహించలేదు.

మొదటి ఆరు రోజులు నేను మనిషిని కాదు. బకెట్టే నా లోకం. ఆ తర్వాత కడుపు కుదుటపడింది. నడుముకి పట్టీ వేసి స్టవ్వు ముందు కమ్మీకి కట్టుకుని వండటం నేర్చుకున్నాను. గిన్నెలు సముద్రం నీళ్ళతో కడిగి, మంచినీళ్ళు అరగ్లాసుతో తొలిచేదాన్ని. తలగడ తడి, దుప్పటి తడి, అగ్గిపెట్టె తడి. దేన్ని నాకినా ఉప్పే. పగలంతా ఒకటే చప్పుడు, గోడ అవతల ఎవరో బస్తాలు ఈడుస్తున్నట్టు. మెట్ల మీద ఎండ ఎక్కడ పడుతోందో చూసి టైము చెప్పడం నాలుగు రోజుల్లో వచ్చేసింది.

ఆ పడవలో తనంతట తాను దారి పట్టే యంత్రం లేదు. కెప్టెన్, అత్తయ్య నాలుగేసి గంటలు వంతులు వేసుకున్నారు. పైకి వెళ్ళే ప్రతివాళ్ళూ నడుముపట్టీ పెట్టుకోవాలి. దానికొక బారెడు తాడు, తాడు కొసన కొక్కెం. చుక్కాని దగ్గరున్నంతసేపూ అక్కడి ఉంగరానికి తగిలించాలి. పడవ ముందుకి వెళ్ళాలంటే అక్కడ తీసి, డెక్కు పొడుగునా కట్టిన లావుపాటి తాడుకి తగిలించుకుని నడవాలి.

కెప్టెన్ పైనున్నప్పుడు నేను పడవ పుస్తకం తీసి కిందటి ప్రయాణం పేజీలు చదివి అత్తయ్యకి వినిపించాను. చివరి రెండు రోజుల్లో ఒక వంతు మా ఆయనది, ఒక వంతు కెప్టెన్‌ది, పొల్లు పోకుండా సంతకాలతో సహా ఉంది. అత్తయ్య రవికలోంచి తాడు తీసి ఒక్కో సంతకం దగ్గర ఒక్కో ముడి పట్టుకుని చూసింది. ఎంత చక్కగా రాశాడో అంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, చుక్కాని దగ్గర టీ తాగుతూ కెప్టెన్ తనంతట తనే మొదలెట్టాడు. కిందటిసారి వచ్చిన కుర్రాడు మంచివాడేగానీ ఒట్టి నిద్రమొహమట. చివరి రోజుల్లో తనకి నడుము పట్టేసి లేవలేక మంచంలో ఉంటే, ఆ కాస్త వంతు కూడా చెయ్యలేక పడవ మీద కునికిపాట్లు పడ్డాడట. ఏం చేస్తాం, వాడి రాత అన్నాడు. పుస్తకంలో తనే చేసినట్టు రాసుకున్న వంతుల్ని ఆ నోటితోనే మంచంలో పడుకోబెట్టాడు. మెట్ల మీద కూర్చుని కుడుతున్న అత్తయ్య సూది మీంచి తలెత్తకుండా అడిగింది, నడుం నొప్పి ఇప్పుడెలా ఉంది బాబూ అని. అది రెండు రోజుల్లో తగ్గిపోయింది పెద్దమ్మగారూ అన్నాడు.

అత్తయ్య లోపలికి దిగాక ఆవిడ పక్కన కూర్చున్నాను. తెరచాప కోసే కత్తి ఆవిడ తొడ పక్కనే ఉంది. నా చూపు దాని మీదకే పోతోంది. ఏం చేద్దామని అత్తయ్యా అని అడిగాను.

"ఏమీ చెయ్యను," అంది. "పడుకుంటాను."

పన్నెండో రోజు పొద్దున్న పది గంటలకి అత్తయ్య వంతు. లేవలేదు. నడుము పట్టేసిందంది. మంచంలో గోడవైపు తిరిగి మూలిగింది. మూలుగు కొంచెం ఎక్కువైందని నాకనిపించింది గానీ కెప్టెన్‌కి అనిపించలేదు. నాకైతే చుక్కాని పట్టడం రాదాయె. నాలుగ్గంటలేగా అని వాడే ఉండిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి మామూలుగా వాడి వంతు. సాయంత్రం ఆరింటికి మళ్ళీ ఆవిడది, మళ్ళీ మూలుగు. దుప్పటి కింద ఆవిడ చేతిలో కొత్త తాడు. వంతు తిరిగినప్పుడల్లా ఒక ముడి. ఈసారి ముడులు వాడివి.

తెరచాపలు దించేసి పడుకోవచ్చు కదా అంటారేమో. అది పెద్ద ఓడలు తిరిగే దారి. పైన కాపలా లేకపోతే చీమని తొక్కినట్టు తొక్కుకుపోతాయి. పైగా వాడికి తేదీ ముఖ్యం. ఆ తేదీకి పడవ చేర్చకపోతే యజమాని వేరేవాణ్ణి చూసుకుంటాడు. కిందటిసారీ ఇలాగే ఒక తేదీ, ఇదే తొందర.

ఒక పగలు, ఒక రాత్రి, ఇంకో పగలు. నేను టీ అందించాను, అన్నం అందించాను. నోరు తెరవలేదు. వాడి కళ్ళు చింతనిప్పులయ్యాయి. మాట ముద్దగా వచ్చేది. రెండో రోజు మధ్యాహ్నం పక్కన ఎవరూ లేకుండానే ఎవరితోనో ఎడమకి తిప్పు, ఎడమకి తిప్పు అంటున్నాడు. సాయంత్రం మెట్లలోకి వంగి, పెద్దమ్మగారికి ఎలా ఉంది చెల్లెమ్మా, ఒక్క గంట లేవగలరేమో అడుగు అన్నాడు. అడిగాను. "ఇంకా మూడు ముడులు వెయ్యాలని చెప్పు," అంది అత్తయ్య నెమ్మదిగా. లేవలేనంటున్నారు అన్నాను వాడితో.

నాకు జాలి కలిగిందా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ మేకు కింద పడుకుని అడిగితే చెప్పేదాన్ని.

మూడో రోజు తెల్లవారుతోంది. పదకొండో వంతు అయిపోవడానికి ఇంకా పావుగంట ఉందేమో. వెనక నుంచి గాలి ఒక్కసారిగా హెచ్చింది. ముందు తెరచాప దించాలి. దాని తాడు పడవ ముక్కు దగ్గర ఇరుక్కుంది. నేను మెట్ల మీద కూర్చుని తల బయటపెట్టి చూస్తున్నాను, అత్తయ్య నా వెనకే లేచి నిలబడింది. కెప్టెన్ చుక్కానిని కట్టేశాడు. ఉంగరం నుంచి కొక్కెం తీశాడు. లేచి ముందుకి నడిచాడు. లావుపాటి తాడుకి తగిలించుకోలేదు. మర్చిపోయాడో, తగిలించాననుకున్నాడో. కొక్కెం వాడి వెనక డెక్కు మీద కుక్క మెళ్ళో తాడులా ఈడ్చుకుంటూ నా మొహం ముందు నుంచే పోతోంది.

చెయ్యి చాపి పట్టుకున్నాను. వెంటనే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. సూది పట్టిన చెయ్యి, ఉడుంపట్టు.

"వదిలెయ్. పదకొండోది నడుస్తోంది."

"చచ్చినోడు రాయలేడు అత్తయ్యా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఎంతసేపో కాదు, ఒక అల లేచి పడేంత. పట్టు వదిలింది. కొక్కెం తాడుకి తగిలించాను. టక్కుమంది. ఆ చప్పుడు వాడు వినలేదు.

నాలుగడుగులు వేశాడో లేదో పడవ పక్కకి విసిరింది. వాడు కాళ్ళు తేలిపోయి కమ్మీ కింద నుంచి జారిపోయాడు. తాడు బిగిసింది. ఛాతీదాకా నీళ్ళలో ఉన్నవాణ్ణి పడవ పక్కనే ఈడ్చుకుపోతోంది. నడుము పట్టేసిన అత్తయ్య నా మీద నుంచి దూకి చుక్కాని కట్టు విప్పి, పడవని గాలికి ఎదురు తిప్పింది. తెరచాపలు టపటపా కొట్టుకుని పడవ ఆగిపోయింది. చెంబుడు నీళ్ళు తాగేంతసేపు పట్టిందేమో.

"ఇంతే," అంది ఆవిడ చుక్కాని వదలకుండా, ఎవరితోనో. "నా కొడుక్కీ ఇంతసేపే పట్టేది."

వాణ్ణి నేనే లాగాను. ఎంత కసిగా లాగానంటే బొటనవేలి గోరు ఊడొచ్చిన సంగతి సాయంత్రందాకా తెలియలేదు.

తెరచాపలు దించి వాణ్ణి బల్ల ముందు కూర్చోబెట్టాం, ఓడలేవైనా వస్తే కనబడేలా నేను మెట్ల మీద కూర్చున్నాను. నీళ్ళోడుతున్నాడు, దవడలు కొట్టుకుంటున్నాయి. అత్తయ్య మేకుకి రెండు తాళ్ళు తగిలించింది. పాతదొకటి, కొత్తదొకటి. చివర ఖాళీ లేని ముడులు రెండింటికీ సమానంగా వేలాడుతున్నాయి. ఇవేంటి అన్నాడు వాడు.

"అది నువ్వు బూట్లకి కట్టి పంపిన తాడు. ఇది నీది. నిన్న కాక మొన్న పది గంటల నుంచి."

మొదట పాత తాడు కేసి చూశాడు, తర్వాత కొత్తది, తర్వాత నా మంచం. అప్పుడు తెలిసింది వాడికి. మీరు ఆ అబ్బాయి అమ్మగారా అన్నాడు. అత్తయ్య పుస్తకం తెరిచి, కిందటి ప్రయాణం చివరి పేజీ తీసి, పెన్ను పెట్టింది.

"ఒక్క గంట పడుకుని రాస్తానమ్మా. కళ్ళు కనపడటం లేదు."

"నా కొడుకూ అడిగుంటాడు ఒక్క గంట."

వాడి తల వాలిపోయింది. "రెండుసార్లు అడిగాడు," అన్నాడు.

రాశాడు. రెండు వాక్యాలకోసారి తల బల్ల మీదకి జారేది. అత్తయ్య చెంబుతో సముద్రం నీళ్ళు నెత్తి మీద పోసేది, నెమ్మదిగా, స్నానం చేయిస్తున్నట్టు. ఆవిడకి చదువు రాదు కాబట్టి రాసింది రాసినట్టు నేను చదివి వినిపించాలి. నడుం నొప్పి అబద్ధమని రాశాడు. ప్రయాణంతో విసుగెత్తి పడుకున్నానని రాశాడు. పదకొండు వంతులూ ఆ మనిషే చేశాడని, సంతకాలు తర్వాత తను పెట్టుకున్నానని, కొక్కెం సంగతి తను చూడనే లేదని రాశాడు. ఆ తర్వాత వాక్యం దగ్గర పుస్తకం మూసెయ్యబోయాను.

"చదువు," అంది అత్తయ్య.

చదివాను. "తెల్లవారుజామున కెప్టెన్ అని రెండుసార్లు పిలిచాడు. వంతు మారమని పిలుస్తున్నాడనుకుని దుప్పటి మీదకి లాక్కున్నాను. ఆ పిలుపు పడవలోంచి రాలేదని లేచాక తెలిసింది."

నాకు కావలసింది అదేనా అంటే, ఏమో. ఆ రెండు పిలుపులూ ఇప్పటికీ వినబడతాయి. గిన్నెలు తోముతున్నా వినబడతాయి. కానీ పుస్తకంలో ఉన్నాయి. నిర్లక్ష్యం అన్న మాట మీద వాడి చేత్తోనే వాడు గీత కొట్టాడు.

అప్పుడు వదిలాం. వాడు పధ్నాలుగు గంటలు చచ్చినట్టు పడుకున్నాడు. అత్తయ్య నా చేత చుక్కాని పట్టించింది. ఆ సాయంత్రం మొదటిసారి ఒక వంతు నేను చేశాను, ఆవిడ పక్కనే కునుకు తీసింది. కిందికొచ్చాక మా ఆయన తాడు చివర ఒక బెత్తెడు ఖాళీ వదిలి నా ముడి ఒకటి వేశాను. ఆవిడ చూసింది. మిగిలిన ఏడు రోజులూ ముగ్గురం మాట్లాడుకోలేదు. అన్నం మాత్రం వేళకి పెట్టాను. పుస్తకం అత్తయ్య తలగడ కింద ఉండేది, ఆవిడ పైకి వెళ్తే నేను దాని మీద కూర్చునేదాన్ని.

రేవు చేరాక పుస్తకం ఆఫీసులో పెట్టాం. బలవంతంగా రాయించారు అంటాడేమోనని నేను భయపడ్డాను. అనలేదు. అధికారి అడిగితే, నిజమే అన్నాడు, గడియారాల వంక చూసుకుంటూ. పడవ నడిపే అనుమతి తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు. మా రేవు ఆఫీసు నుంచి కొత్త ఉత్తరం వచ్చింది. దాన్ని పట్టుకుని అత్తయ్య నన్ను వీధిలో ప్రతి ఇంటికీ తీసుకెళ్ళి చదివించింది. తాగాడేమో అన్నవాళ్ళింటికి మూడుసార్లు. మూడోసారి వాళ్ళు తలుపు తీయలేదు. కిటికీ దగ్గర నిలబడి చదివాను. దర్జీ కొట్టు దగ్గరికి మాత్రం నన్నొక్కదాన్నే పంపింది.

అంతటితో వదిలేసిందనుకోకండి. ఏటా మా ఆయన పోయిన తేదీకి చేరేలా ఒక తాడు పోస్టులో పంపేది. ఖాళీ లేని పదకొండు ముడులు, ఉత్తరం ముక్క ఉండదు. నాలుగో ఏడు వాడి దగ్గర్నుంచి కవరొచ్చింది. తాడు పంపవద్దని వేడుకున్నాడు. అది రాకముందు నెలా, వచ్చాక నెలా నిద్ర పట్టడం లేదని రాశాడు. చదివి వినిపించాను. ఆవిడ తల ఊపుతూ విని, ఆ నిద్ర పట్టని ముక్క మళ్ళీ ఒకసారి చదవమంది. తొమ్మిది తాళ్ళు వెళ్ళాయి.

ఆఖరి రోజుల్లో మంచం మీద ఉండగా ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచింది. ఆ కొక్కెం ఎందుకు తగిలించావు అని అడిగింది. ఇన్నేళ్ళూ అడగలేదు. అంటే ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకుందన్నమాట.

"చచ్చినోడు రాయలేడనే అత్తయ్యా."

"అంతేనా? ఇంకేం లేదుగా?"

"అంతే."

"అయితే సరే," అంది. నా చెయ్యి తీసుకుని, గోరు వంకరగా మొలిచిన ఆ బొటనవేలిని కాసేపు నిమిరింది. ఆవిడ ఎవర్నయినా క్షమించడం నేను చూసింది ఆ ఒక్కసారే. అదీ క్షమించాల్సింది ఏమీ లేదని తేల్చుకున్నాక.

ఈ ఏడు ఆవిడ లేదు. తేదీ దగ్గర పడింది. సూదుల డబ్బాలోంచి తాడు తీసి నేనే కూర్చున్నాను. ఆవిడ ముడులంత బిగువు రావడం లేదు. విప్పి మళ్ళీ వేశాను. పోస్టాఫీసులో అమ్మాయి కవరు తూకం వేస్తూ లోపలేముందండీ, విరిగేదా అని అడిగింది. విరగదమ్మా అన్నాను.